మామిడి గుజ్జు కంపెనీకి తొలిసారి సీఎస్ఆర్ వర్తిస్తోంది: జాతర చందా, పల్ప్ డబ్బాలు, ఆర్వో ప్లాంటు... వీటిలో ఏది చెల్లుతుంది?

పల్ప్_అకౌంట్స్ (చిత్తూరు)

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ముగ్గురు డైరెక్టర్లు, ముగ్గురూ ఒకే కుటుంబం. పన్నుకు ముందు లాభం 2022-23లో 2.10 కోట్లు, 2023-24లో 3.60 కోట్లు, 2024-25లో 6.30 కోట్లు. సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత, అంటే కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) వర్తించే 1000 కోట్ల టర్నోవరుకు ఆమడ దూరంలో ఉన్నాం, నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలేది) హద్దుకూ అంతే. కానీ లాభం 5 కోట్లు దాటింది కాబట్టి ఈ 2025-26లో 8 లక్షలు సీఎస్ఆర్ కింద ఖర్చు పెట్టాలని చెప్పారు. ఇప్పుడు జనవరి. మార్చి 31 ఎంతో దూరం లేదు.

మేనేజ్‌మెంటు దగ్గరున్న ఆలోచనలు చెబుతాను. గంగజాతరకు 2 లక్షలు చందా ఇచ్చి కంపెనీ బ్యానర్ కట్టించడం. ప్రభుత్వ హాస్టళ్లకు మా పల్ప్ డబ్బాలే (3.1 కిలోలవి) పంచి, అమ్మకం ధరకు లెక్క రాసుకోవడం. తొక్కు, టెంకల వ్యర్థజలాల శుద్ధి ప్లాంటును పెద్దది చేసి ఆ ఖర్చును ఇందులో చూపడం. ఫ్యాక్టరీ పక్క ఊళ్లో ఆర్వో ప్లాంటు పెట్టడం. లేదంటే పెద్ద డైరెక్టర్ గారి భార్య నడిపే ట్రస్టుకు మొత్తం చెక్కు ఇచ్చేయడం.

ఇవి కాక ఒక మధ్యవర్తి వచ్చి, చెక్కు ఇస్తే వేరే ట్రస్టు రసీదు ఇప్పిస్తానని, 15 శాతం పట్టుకుని మిగతాది నగదుగా తిరిగి ఇప్పిస్తానని అంటున్నాడు. "అందరూ చేసేదే కదా" అన్న మాట కూడా ఆఫీసులో వినిపించింది.

వీటిలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు? కారణాలతో సహా చెబితే బోర్డు ముందు పెడతాను.

సీఎస్_రేణిగుంట

ముందు ఆ 8 లక్షల అంకె దగ్గరే ఆగుదాం. సీఎస్ఆర్ లాభం అంటే లాభనష్టాల ఖాతా చివర కనిపించే అంకె కాదు. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 198 ప్రకారం విడిగా కట్టాల్సిన లెక్క. పన్ను తీసేయకూడదు, అంతవరకు మీరు చేసింది సరే. అయితే మూలధన స్వభావం ఉన్న లాభాలు, అంటే స్థలం అమ్మితే వచ్చినలాంటివి, ఇందులోకి రావు. సీఎస్ఆర్ నిబంధనలు పాటించే వేరే భారతీయ కంపెనీ నుంచి డివిడెండు వస్తే అదీ తీసేయాలి. ఈ మూడేళ్లలో మీరు స్థిరాస్తి ఏమైనా అమ్మారా?

ఎందుకు అడుగుతున్నానంటే, కంపెనీకి సీఎస్ఆర్ వర్తిస్తుందా లేదా అన్న 5 కోట్ల పరీక్షకూ ఇదే లాభం వాడాలి, పోయిన సంవత్సరం ఒక్కదానిదే. తర్వాత ఎంత ఖర్చు పెట్టాలన్నది మూడేళ్ల సగటుపై 2 శాతం. ఈ రెండు లెక్కలనూ కలిపేసి, సగటు 5 కోట్ల లోపే ఉంది కాబట్టి మాకు వర్తించదని ధీమాగా కూర్చునేవాళ్లు చాలామంది.

పల్ప్_అకౌంట్స్ (చిత్తూరు)

ఉంది సార్. 2024-25లో గుడిపాల వైపు ఉన్న పాత ఖాళీ స్థలం అమ్మాం. 12 లక్షలకు కొన్నది 52 లక్షలకు పోయింది. ఆ 40 లక్షల లాభం 6.30 కోట్లలో కలిసే ఉంది. డివిడెండ్లు ఏమీ లేవు.

సీఎస్_రేణిగుంట

అయితే 2024-25 లాభం 5.90 కోట్లు అవుతుంది. 5 దాటింది కాబట్టి సీఎస్ఆర్ తప్పదు. మూడేళ్ల మొత్తం 11.60 కోట్లు, సగటు 3,86,66,667, దానిపై 2 శాతం 7,73,333 రూపాయలు. ఆ 6.30 కోట్లలో స్థలం అమ్మకంపై లాభమే 1.40 కోట్లు అయి ఉంటే మీకీ ఏడాది బాధ్యతే ఉండేది కాదు. సెక్షన్ 198 లెక్కను ఒక కాగితం మీద వేసి, ఆడిటర్ సంతకంతో ఫైల్లో పెట్టుకోండి.

మొత్తం 50 లక్షలు దాటలేదు కాబట్టి సీఎస్ఆర్ కమిటీ అక్కర్లేదు, బోర్డే ఆ పని చేయొచ్చు. అలాగని విధానపత్రం, వార్షిక కార్యాచరణ ప్రణాళిక మానేయడానికి లేదు. ఏ పని, ఎక్కడ, ఎంత, ఎవరి ద్వారా, ఎప్పటిలోగా, ఎవరు చూస్తారు అన్నవి రాసిన తీర్మానం ఖర్చుకు ముందే ఉండాలి. మార్చి చివర్లో బిల్లులు పోగేసి, వాటికి తగ్గట్టు వెనక తేదీతో తీర్మానం రాయడం ఈ జిల్లాల్లో బాగా అలవాటైన తప్పు. బిల్లు తేదీ, బ్యాంకు స్టేట్‌మెంటు, మినిట్స్ పుస్తకం మూడూ పక్కపక్కన పెడితే ఇట్టే తెలిసిపోతుంది.

గ్రీమ్స్‌పేట_ఆడిట్

మీ ఆలోచనలు ఒక్కొక్కటిగా చూద్దాం.

జాతర చందా సీఎస్ఆర్ కాదు. షెడ్యూల్ 7లో, అంటే సీఎస్ఆర్ కింద చెల్లే పనుల జాబితాలో, మతపరమైన ఉత్సవాలకు చోటు లేదు. పైగా బ్యానర్ కట్టించుకుంటే అది ప్రచారం కోసం చేసిన స్పాన్సర్‌షిప్, దాన్ని నిబంధనల్లోనే మినహాయించారు. అమ్మవారికి ఇవ్వొద్దని కాదు. సెక్షన్ 181 కింద బోర్డు తీర్మానంతో విరాళంగా ఇవ్వండి, మూడేళ్ల సగటు లాభంలో 5 శాతం దాటనంతవరకు సర్వసభ్య సమావేశం అనుమతి కూడా అక్కర్లేదు. మీ 2 లక్షలు ఆ హద్దుకు చాలా లోపలే ఉన్నాయి. సీఎస్ఆర్ పద్దులో మాత్రం రాయొద్దు. కొండమీద హుండీలో వేసినదానికీ ఇదే వర్తిస్తుంది. టీటీడీ ట్రస్టుకైనా మరే సంస్థకైనా ఇచ్చి సీఎస్ఆర్ అనాలంటే షెడ్యూల్ 7కు తగిన పని ఉండాలి, ఆ సంస్థకు సీఎస్ఆర్ నంబరు ఉండాలి.

పల్ప్ డబ్బాలు పంచితే పిల్లలు సంతోషిస్తారు, లెక్కలోకి మాత్రం రాదు. చట్టంలో ఉన్న మాట "ఖర్చు పెట్టాలి" అని. వస్తురూపంలో ఇచ్చి దానికి విలువ కట్టడం కుదరదని కంపెనీ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టు సర్క్యులర్‌లో తేల్చి చెప్పింది. మీ ఉద్యోగులు శ్రమదానం చేసిన గంటలకు జీతం లెక్కగట్టి చూపడం కూడా కుదరదు. గడువు దగ్గరపడ్డ సరుకును వదిలించుకోవడానికి హాస్టల్ దారి పట్టించే ఆలోచన ఎవరికైనా ఉంటే, అది సీఎస్ఆర్ కంటే ముందు ఆహార భద్రత సమస్య అవుతుంది.

వ్యర్థజలాల ప్లాంటు అసలే కాదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి షరతు ప్రకారం మీరు ఎలాగూ కట్టాల్సిందే. వేరే చట్టం కింద ఉన్న బాధ్యతను తీర్చుకోవడం సీఎస్ఆర్ కాదని సీఎస్ఆర్ నిబంధనల రూల్ 2లోనే ఉంది. మీ ఉద్యోగుల కోసమే పెట్టే వైద్య శిబిరం, మీ గేటు దాకా మాత్రమే పోయే రోడ్డు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఊరి జనమంతా వచ్చే శిబిరంలో మీ వాళ్లూ చూపించుకుంటే ఇబ్బంది లేదు.

ట్రస్టు విషయానికి వస్తే, డైరెక్టర్ భార్య నడుపుతున్నంత మాత్రాన నిషేధం లేదు. కాకపోతే ఆ ట్రస్టుకు 12ఏ నమోదు, 80జీ ఆమోదం (రెండూ ఆదాయపు పన్ను శాఖ ఇచ్చేవి), సీఎస్ఆర్-1 ఫారం ద్వారా వచ్చిన నంబరు (సీఎస్ఆర్ అనే అక్షరాల తర్వాత 8 అంకెలు ఉంటాయి) మూడూ ఉండాలి. అది కంపెనీ పెట్టిన ట్రస్టు కాదు, ఆవిడ పెట్టింది. కాబట్టి అలాంటి పనుల్లోనే కనీసం మూడేళ్ల అనుభవం కూడా చూపాలి. ఇవన్నీ ఉన్నా, సంబంధిత పక్షంతో (డైరెక్టర్ల బంధువులు నడిపే ఇలాంటి సంస్థతో) జరిగిన సీఎస్ఆర్ లావాదేవీలను ఆర్థిక నివేదికల నోట్స్‌లో విడిగా చూపమని షెడ్యూల్ 3 చెబుతోంది. బ్యాంకు వాళ్లు చదివే కాగితం అది. తీర్మానం రోజున ఆ డైరెక్టర్ తన సంబంధం చెప్పి, చర్చలో పాల్గొనకుండా ఉంటే మంచిది. ముగ్గురూ ఒకే కుటుంబం అయినప్పుడు దీనికి పెద్ద అర్థం ఉండదనుకోండి. అందుకే నా సలహా అయితే ఈ ఏడాది ఆ ట్రస్టు జోలికి పోవద్దని.

ఇంకో మాట. ట్రస్టుకు మార్చి 30న చెక్కు ఇచ్చేస్తే పని అయిపోదు. డబ్బు చేతులు మారితే ఖర్చు కాదు, ఆ ట్రస్టు పని మీద వాడితేనే ఖర్చు. అలా వాడారని ఆర్థిక వ్యవహారాలు చూసే వ్యక్తి ధ్రువపత్రం ఇవ్వాలి. మీ కంపెనీలో సీఎఫ్‌ఓ (ఆర్థిక విభాగం అధిపతి) లేరంటే ఆ సంతకం బహుశా మీదే.

ఆ మధ్యవర్తిని గేటు దాకా కూడా రానివ్వొద్దు. 85 శాతం నగదు వెనక్కి వస్తే అది ఖర్చే కాదు. తప్పుడు రసీదు, లెక్కలోకి రాని నగదు, దానిపై మీ ధ్రువపత్రం అన్నీ కలిసి సెక్షన్ 447 మోసం దాకా పోతాయి. 10 లక్షలు లేదా టర్నోవరులో 1 శాతం, ఏది తక్కువైతే ఆ మొత్తానికి చేరిన మోసానికి ఆరు నెలల నుంచి పదేళ్ల వరకు జైలు ఉంది. రెండేళ్లు ఇలా చేస్తే మీ మొత్తమే ఆ హద్దు దాటుతుంది. ఇలాంటి ట్రస్టు ఏదో ఒకరోజు ఆదాయపు పన్ను సోదాలో దొరికితే, వాళ్ల పుస్తకంలో ఉన్న పేర్లన్నిటికీ నోటీసులు వెళ్తాయి.

నీళ్లపని_పుత్తూరు

జాబితాలో నిలిచేది ఆర్వో ప్లాంటు ఒక్కటే అన్నమాట. సురక్షిత తాగునీరు షెడ్యూల్ 7లో స్పష్టంగా ఉంది. కంపెనీయే నేరుగా చేస్తే ఏ ట్రస్టూ, ఏ సీఎస్ఆర్ నంబరూ అక్కర్లేదు. కానీ మన జిల్లాల్లో రిబ్బన్ కత్తిరించి ఏడాది తిరక్కుండా తాళం పడిన ఆర్వో షెడ్లు ఎన్ని ఉన్నాయో చూస్తూనే ఉన్నాం. ఎందుకు మూతపడతాయో ముందే తెలిస్తే మంచిది.

మొదటి పని నీటి పరీక్ష. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం), కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్ చూపించండి. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేకపోతే 2000 వరకు సర్దుకోవచ్చు. ఫ్లోరైడ్ 1.0 లోపు ఉండాలి, గరిష్ఠం 1.5. టీడీఎస్ 400 ఉండి క్రిములే సమస్య అయితే ఆర్వో దండగ, క్లోరిన్ లేదా యూవీ (అతినీలలోహిత కాంతి) చాలు. చాలా కంపెనీలు పరీక్ష లేకుండా ప్లాంటు కొనేస్తాయి, ఫొటో బాగా వస్తుందని.

రెండోది బోరు. గంటకు 1000 లీటర్ల మంచినీరు రావాలంటే సగం రికవరీ (ముడినీటిలో సగమే మంచినీరుగా రావడం) లెక్కన గంటకు 2000 లీటర్ల ముడినీరు కావాలి. జనవరిలో బోరు పోస్తున్న నీళ్లు చూసి మురిసిపోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఎంత పోస్తుందో పంపు నడిపేవాణ్ని అడగండి. అనుమానం ఉంటే 500 లీటర్ల ప్లాంటుకు దిగండి.

మిషన్ వరుస మామూలుదే: ముడినీటి ట్యాంకు, ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, యాంటీస్కేలెంట్ (సున్నం పట్టకుండా చేసే మందు) డోసింగ్, 5 మైక్రాన్ కార్ట్రిడ్జి, హైప్రెషర్ పంపు, మెంబ్రేన్లు (లవణాలను ఆపే పొరలు, 4040 సైజువి 1000 లీటర్లకు నాలుగు), స్టీలు ట్యాంకు, చివర యూవీ. చెడేది ఎక్కడంటే, పంచాయతీ ట్యాంకులో క్లోరిన్ కలిపిన నీళ్లు వస్తుంటే, కార్బన్ అరిగిపోయిన రోజు నుంచి ఆ క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది. యాంటీస్కేలెంట్ డబ్బా ఖాళీ అయి ఎవరూ పోయకపోతే సున్నం పేరుకుపోయి నీళ్లు తగ్గిపోతాయి. రెండూ మెంబ్రేన్ ఖర్చు మీదికే వస్తాయి. గేజిల్లో ప్రెషర్, టీడీఎస్ మీటర్ రీడింగు రోజూ పుస్తకంలో రాసే మనిషి ఉంటే ఈ రెండూ ముందే పట్టుబడతాయి.

బయటికి పోయే వేస్టు నీళ్ల సంగతి ఎవరూ అడగరు. సగం రికవరీలో టీడీఎస్ దాదాపు రెట్టింపవుతుంది. 1000 ఉన్నది 2000 దగ్గరికి పోతుంది. దాన్ని ఇంకుడు గుంతలోకి వదిలితే మళ్లీ మీ బోరులోకే వస్తుంది. బడి మరుగుదొడ్లకు, ట్రాక్టర్లు కడగడానికి మళ్లించండి.

డబ్బు లెక్క: రోజుకు ఆరు గంటలు నడిస్తే 6000 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లు 300. క్యాను 5 రూపాయలకు అన్నీ పోతే రోజుకు 1500. సగమే పోతాయనుకుని 750తో లెక్కేయండి. అందులో ఆపరేటరు కూలి, కరెంటు, కార్ట్రిడ్జిలు, ఏడాదికోసారి సర్వీసు, రెండు మూడేళ్లకు మెంబ్రేన్ రావాలి. రాకపోతే ఊరు చిన్నదని అర్థం, బడికి ఉచితంగా ఇచ్చే చిన్న ప్లాంటు చాలు. వసూళ్లు మహిళా సంఘం ఖాతాలో పడేలా చూడండి, కంపెనీ ఖాతాలోకి రానివ్వొద్దు. ప్రాజెక్టులో మిగులు వస్తే అది కంపెనీ లాభం కాదు.

మీటరు పంచాయతీ పేరు మీద తీసుకోవాలి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నది పంచాయతీ తీర్మానంలో ఒక వాక్యంగా ఉండాల్సిందే. ప్లాంట్లు మూతపడడానికి మెంబ్రేన్ కంటే పెద్ద కారణం ఈ వాక్యం లేకపోవడమే.

సీఎస్_రేణిగుంట

పై వివరాలకు చట్టం వైపు నుంచి నాలుగు ముక్కలు కలుపుతాను.

ప్లాంటు కంపెనీ పుస్తకాల్లో ఆస్తిగా ఉండకూడదు. పంచాయతీ లాంటి ప్రభుత్వ సంస్థ పేరునో, సీఎస్ఆర్ నంబరున్న సంస్థ పేరునో, లబ్ధిదారుల సంఘం పేరునో ఉండాలి. అప్పగింత పత్రంలో సీరియల్ నంబర్లతో సహా రాయించండి. ప్లాంటు మీద కట్టే జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) రాదు, 2023 అక్టోబరు 1 నుంచి సీఎస్ఆర్ కొనుగోళ్లకు అది ఆపేశారు. కాబట్టి కొటేషన్ జీఎస్టీతో కలిపి చూసుకోండి. ఆదాయపు పన్నులో కూడా దీన్ని వ్యాపార ఖర్చుగా తీసేసుకోలేరు.

మార్చి 31కి పూర్తికాకపోతే రెండు దారులు. మామూలు పని అయితే మిగిలిన మొత్తాన్ని సెప్టెంబరు 30లోగా ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి లాంటి షెడ్యూల్ 7 నిధికి కట్టేయాలి. ముఖ్యమంత్రి సహాయ నిధి ఆ జాబితాలో లేదు, పొరపడొద్దు. అలా కాక, కొనసాగే ప్రాజెక్టుగా బోర్డు ముందే కారణం రాసి ఆమోదించి, మార్చి 31లోగా పని మొదలుపెట్టి ఉంటే, మిగిలినది ఏప్రిల్ 30లోగా ఖర్చుకాని సీఎస్ఆర్ ఖాతా అని షెడ్యూల్డ్ బ్యాంకులో విడిగా తెరిచి అందులో వేయాలి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు పెట్టాలి. మూడేళ్ల సర్వీసు కాంట్రాక్టు కూడా ఇవ్వాలనుకుంటే ఈ దారే సరైనది. మార్చిలోనే మూడేళ్ల సర్వీసు డబ్బు ముందుగా ఇచ్చేసి ఖర్చయిపోయిందని రాయడం నాకు నచ్చదు. అయితే ఒక మెలిక ఉంది. ఆ ఖాతాలో డబ్బు ఉన్నంతకాలం, మొత్తం 50 లక్షల లోపే అయినా సీఎస్ఆర్ కమిటీ వేయాలి. మీకు ఇద్దరు డైరెక్టర్లతో సరిపోతుంది.

ఏ దారీ పట్టకుండా వదిలేస్తే జరిమానా కట్టాల్సిన మొత్తానికి రెట్టింపు లేదా 1 కోటి, ఏది తక్కువైతే అది. 7,73,333 మొత్తం వదిలేస్తే కంపెనీకి 15,46,666. బాధ్యుడైన అధికారికి ఆ 7,73,333లో పదో వంతు, అంటే 77,333. ఎక్కువ ఖర్చయితే భయం లేదు, ఆ అదనాన్ని బోర్డు తీర్మానంతో వచ్చే మూడేళ్లలో సర్దుకోవచ్చు.

తోటకాడ_తవణంపల్లె

అన్నీ బాగానే చెప్తా ఉండారు గానీ, ఒక మాట అడగతా. పోయిన సీజన్లో తోతాపురికి కిలోకు 12 రూపాయలని ప్రభుత్వం చెప్పింది. అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం. మీ కంపెనీ ఆ 8 అందరికీ ఇచ్చేసిందా? బాకీ ఉంటే ఆర్వో ప్లాంటు పక్కన పెట్టి ముందు అది తీర్చండి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు మన పెద్దోళ్లు. బాకీ ఉన్న రైతు ఊళ్లోనే పోయి నీళ్ల ప్లాంటుకు రిబ్బన్ కత్తిరిస్తే, ఆ ఫొటో కింద ఏం రాస్తారో చూసుకోండి.

గేటు కాడ చేయాల్సిన పనులకు ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఆ రోజు ధర బోర్డు మీద రాయాల. ట్రాక్టరు లైన్లోకి రాంగానే తూకం వేయాల, టోకెన్ పట్టుకుని రెండు రోజులు ఎండలో నిలబడినాక కాదు, అప్పటికి కాయ బరువు తగ్గుతుంది, మెత్తబడుతుంది. తరుగు ఎంత తీసినారో, ఎందుకు తీసినారో చీటీ మీద ఉండాల. డబ్బు ఏ తేదీకి పడతాదో అదే చీటీ మీద ఉండాల. వేబ్రిడ్జికి తూనికల శాఖ ముద్ర ఆ ఏడాదిదేనా అని సీజన్‌కు ముందే చూసుకోవాల.

గ్రీమ్స్‌పేట_ఆడిట్

పై మాట కటువుగా ఉన్నా న్యాయమైనదే. రైతుకు ఇచ్చే ధర, దాని మీద ఇచ్చే అదనం సీఎస్ఆర్ కాదు, మామూలు వ్యాపార ఖర్చు. మీకే కాయ ఇచ్చే రైతులకు మాత్రమే కాయకు తొడిగే కవర్లు, పండుఈగ ఎరలు పంచితే అదీ కొనుగోలు కిందికే పోతుంది. దాన్ని సీఎస్ఆర్ అని రాయొద్దు, వేరే పద్దులో నిక్షేపంగా చేయండి.

పాలన గురించి అడగలేదు గానీ రెండు విషయాలు చూసుకోండి. బ్యాంకు అప్పు 50 కోట్లు దాటితే లిస్టెడ్ కాకపోయినా ఉద్యోగులు అక్రమాలను చెప్పుకునే ఫిర్యాదుల యంత్రాంగం తప్పనిసరి, సెక్షన్ 177. గుజ్జు కంపెనీలకు సీజన్లో వర్కింగ్ క్యాపిటల్ ఆ స్థాయికి పోవడం మామూలే. ఆడిట్ కమిటీ లేని కంపెనీ ఒక డైరెక్టరును నియమిస్తే చట్టానికి చాలు. కానీ ముగ్గురూ ఒకే కుటుంబం అయినప్పుడు, కొనుగోలు మేనేజరు తరుగులో చేతివాటం చూపుతున్నాడని సూపర్‌వైజరు ఎవరికి చెబుతాడు? ఫిర్యాదు నేరుగా బయటి వ్యక్తికి, రిటైరైన బ్యాంకు అధికారి లాంటివారికి, చేరే ఏర్పాటు పెట్టుకుంటే దానికి విలువ ఉంటుంది.

రెండోది, పదిమంది లేదా అంతకుమించి ఉద్యోగులున్న చోట లైంగిక వేధింపుల నివారణ చట్టం 2013 కింద అంతర్గత కమిటీ ఉండాలి. కాంట్రాక్టరు ద్వారా సీజన్‌కు వచ్చే ఆడవాళ్లూ ఉద్యోగుల కిందే లెక్క. అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో సగం మంది మహిళలు, ఒకరు బయటి సంస్థ నుంచి. కమిటీ లేకపోతే 50,000 వరకు జరిమానా. కాయ కోసే షెడ్డులో, ఆడవాళ్లు చదవగలిగే అక్షరాల్లో ఫోన్ నంబరుతో బోర్డు పెట్టండి, ఆఫీసు గదిలో కాదు.

పల్ప్_అకౌంట్స్ (చిత్తూరు)

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. రైతుల బాకీ కొంత ఉంది, దాచను. బోర్డు అజెండాలో మొదటి అంశంగా పెడుతున్నాను. మధ్యవర్తికి కుదరదని చెప్పేశాం. రేపు నీటి శాంపిల్ ల్యాబుకు పంపుతున్నాం. బోర్డుకు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి కదా, దానితోపాటే ప్రణాళిక ముసాయిదా పంపుతాను. చివరి సందేహం: మాకు వెబ్‌సైట్ లేదు, సీఎస్ఆర్ వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలంటున్నారు. దీనికోసం కొత్తగా ఒకటి చేయించాలా?

సీఎస్_రేణిగుంట

అక్కర్లేదు. వెబ్‌సైట్ ఉంటేనే పెట్టమన్నారు. బోర్డు నివేదికకు సీఎస్ఆర్ అనుబంధం మాత్రం తప్పదు, సీఎస్ఆర్-2 ఫారం కూడా వేయాలి. ప్లాంటు పెట్టిన ఊరి పేరు, పిన్‌కోడ్, ఆస్తి ఎవరి పేరున ఉంది అన్నవి ఆ అనుబంధం అడుగుతుంది, అప్పగింత పత్రం రాసేటప్పుడే అవన్నీ అందులో ఉండేలా చూసుకోండి. శాంపిల్ బాటిల్ మీద బోరు పేరు, తేదీ రాసి సంతకం చేయించండి. రెండు బోర్లున్న ఊరైతే ఏది ఏదో తర్వాత ఎవరికీ గుర్తుండదు.